మూతపడ్డ హాల్లో ఇంటర్వెల్ గంట

ముందు మీరు చెప్పండి. రాత్రి ఏం చూశారు?

నసగకండి. ఆ మూతపడ్డ సినిమా హాలు ముందు నుంచి వెళ్తుంటే టికెట్ల కిటికీలో తెల్లగా ఏదో కదిలింది. లోపల గంట మోగింది. మీరు చేతిలో పళ్ళ సంచీ కూడా వదిలేసి పరుగు లంకించుకున్నారు. అవునా, కాదా? సంచీ నా కొట్లోనే ఉంది, పోయేటప్పుడు పట్టుకెళ్ళండి. ఇప్పుడు మాత్రం కూర్చోండి.

ఆ హాలుకు చెడ్డపేరు కొత్తేం కాదు. కరెంటు పీకేసి చాలాకాలమైంది. గేటుకు తాళం, తాళానికి తుప్పు. అయినా రెండో ఆట ఇంటర్వెల్ వేళకు లోపల గంట మోగుతుంది — టంగ్... టంగ్...

ఫ్లాపైన సినిమా హీరోయిన్ దెయ్యం అంటాడొకడు. కాదు, బ్లాకులో టికెట్ కొని, సినిమా చూసి, గుండాగి పోయినవాడు అంటాడు ఇంకొకడు. నన్నడిగితే ఆ హాల్లో చచ్చినవన్నీ సినిమాలే. మనుషులెవరూ కాదు.

అసలు ఈ వీధిని కన్నదే ఆ హాలు. అది కట్టేనాటికి చుట్టూ ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. సినిమాకొచ్చిన జనానికి దాహమేసింది — సోడా కొట్టు వచ్చింది. క్యూలో తోపులాటకు చెప్పులు తెగాయి — కుట్టేవాడు వచ్చాడు. హీరో వేసుకున్నలాంటి చొక్కా కావాలన్నారు — దర్జీ దిగాడు. ఆ చొక్కాతో ఫోటో కావాలన్నారు — స్టూడియో తెరిచారు. నేను గేటు పక్కన గంపలో వేరుశనగలు పెట్టుకుని కూర్చున్నాను. గంప తన్నేవాళ్ళు తన్నారు. నేను గింజ గింజా ఏరుకుని మళ్ళీ అక్కడే కూర్చున్నాను. ఆ మొండితనమే ఇవాళ ఈ బొమ్మల షాపు.

మా అందరికీ గడియారం ఒక్కటే, హాలు గంట. మొదటి గంట కొడితే టీ కొట్టులో పాలు పొంగేవి, సోడా అన్న సీసాలు వరసగా నిలబెట్టేవాడు, నేను పొట్లాలు చుట్టేదాన్ని. రెండో గంట పడితే బేరం అయిపోయినట్టే. చంటిపిల్లలు కూడా ఆ గంట విన్నాకే నిద్రపోయేవాళ్ళు.

తర్వాత జనం సినిమాను చేతిలో ఫోనులోకి కుక్కేసుకున్నారు. హాలు మూతపడింది. కొన్నాళ్ళకు ఈ దెయ్యం మొదలైంది.

మా అక్క మొగుడు ఒకప్పుడు ఆ హాలుకు బ్యానర్లు రాసేవాడు. ఇప్పుడు షాపుల షట్టర్లకు రంగులేస్తాడు. నోరు తెరిస్తే కోతలే. "దెయ్యం కనిపిస్తే దానికీ ఒక బ్యానర్ రాసిస్తా" అనేవాడు.

ఒక రాత్రి పని ముగించుకుని, ఆకుపచ్చ రంగు డబ్బా పట్టుకుని హాలు ముందు నుంచి వస్తున్నాడు. వీధి దీపం లేదు. కుక్క కూడా మొరగలేదు...

టంగ్...

ఆగాడు. తల తిప్పాడు. టికెట్ల కిటికీలో తెల్లటి ఆకారం... వంగింది... లేచింది... మాయమైంది.

గోడ అవతల నుంచి ఎవరిదో గొంతు — "సోడా... చల్లని సోడా..."

అంతే. డబ్బా బోర్లాపడి మురిక్కాలవలోకి దొర్లింది, చెప్పులు ఎటో పోయాయి, బావగారు ఇల్లు చేరారు.

పొద్దున వీధంతా హాలు ముందే. గేటు దగ్గర నుంచి వరసగా ఆకుపచ్చ పాదముద్రలు! దెయ్యానికి పాదాలుంటాయనీ, అవి పచ్చగా ఉంటాయనీ మావాళ్ళు ఆ రోజే కనిపెట్టారు. టీ కొట్టువాడు వంగి చూసి "ఆడదెయ్యమే, పాదం చిన్నది" అని తేల్చాడు. పక్కనే మా బావ — "అవునవును, చాలా చిన్నది" అని తలూపాడు.

మలుపు దాటి ఆ ముద్రల వెంట పోవడానికి ఎవరికీ గుండె చాల్లేదు. నేను పోయాను. అవి మందుల షాపు దాటి, సందులో తిరిగి, తిన్నగా మా అక్క వాకిట్లోకి పోయాయి.

"బావా, కాళ్ళు చూపించు."

"పొద్దున్నే ఏం మాటలే అవి..."

"చూపిస్తావా, అక్కను పిలవనా?"

గోళ్ళ సందుల్లో ఇంకా పచ్చరంగే.

"ఎవరితో అనకే మరదలా... పరువు పోతుంది."

"నీ పరువు దాకా ఎందుకు! నీ పాదాల దెబ్బకు చీకటి పడితే నా షాపుకు పిట్ట రాదు ఇక."

నిజంగానే రాలేదు. పిల్లల బొమ్మలు కొనేవాళ్ళు దెయ్యమున్న వీధికి ఎందుకొస్తారు? నాకు ఒళ్ళు మండింది. ఒక రాత్రి చేత చీపురు పట్టుకుని హాలు వెనక గోడకున్న కంతలోంచి లోపలికి దూరాను.

చీకటి. గబ్బిలాల కంపు. టికెట్ల గది తలుపు ఓరగా ఉంది. లోపల తెల్లటి ఆకారం... చెయ్యెత్తి తాడు పట్టుకుంది. కరెంటు బెల్లు రాకముందు వాడిన పాత ఇత్తడి గంట అది.

టంగ్...

అబద్ధమెందుకు, నా చేతిలో చీపురు జారిపోయింది.

ఆకారం గిర్రున తిరిగింది. "ష్... అరవకే తల్లీ. ఆయన వింటాడు."

మన సోడా వదిన! సోడా అన్న పెళ్ళాం! గబ్బిలాలు నెత్తిన పడకుండా తెల్ల దుప్పటి కప్పుకుంది.

"ఇదేం పని వదినా? ఊరంతా హడలి చస్తుంటే!"

ఆమె నన్ను పక్క తలుపు దగ్గరికి లాగింది. "చూడు..."

హాలు ప్రహరీ లోపల, తన పాత కొట్టు అరుగు మీద సోడా అన్న. నన్ను గుర్తుపట్టడు. తన పేరు తనకు గుర్తులేదు. గంట విని లేచి నిలబడ్డాడు. ఖాళీ సీసాలు వరసగా పెడుతున్నాడు.

"అన్నీ మర్చిపోయాడే. ఈ గంట ఒక్కటే మర్చిపోలేదు. చీకటి పడితే ఆ గోడ కంతలోంచి దూరి ఇక్కడికి వచ్చేస్తాడు. గంట పడకపోతే అన్నం ముట్టడు. 'ఇంటర్వెల్ కాందే ఇంటికెలా వస్తానమ్మా' అంటాడు నాతో. ఒకసారి వానలో తెల్లారేదాకా కూర్చున్నాడు. జ్వరంతో చావుదాకా పోయాడు. అప్పటి నుంచీ నేనే కొడుతున్నా."

దుప్పటి తీసి, జుట్టు సర్దుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "ఒక సోడా ఇవ్వండి."

ఆయన ఖాళీ సీసాను ఠప్పున కొట్టినట్టు కొట్టి అందించాడు. "మీ ఆయన రాలేదా, సినిమాకి?"

"ఇంటి దగ్గరుంటాడండీ."

"పాపం. మంచి సినిమా."

ఆమె తాగినట్టు తాగింది. వెనక్కి వచ్చి రెండో గంట కొట్టింది. ఆయన సీసాలు సర్ది, బుద్ధిగా ఆమె వెంట ఇంటికి నడిచాడు, అన్నానికి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ హాలును ఒక బిల్డరు కొన్నాడు. పడగొట్టి ఏడంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ లేపుతాడట. నాకూ అందులో అద్దాల షాపు ఇస్తానన్నాడు. కూలీలు మాత్రం దెయ్యం ఉందని గడ్డపార పట్టడం లేదు. అందుకే అతని మనిషి ఇంటింటికీ తిరుగుతున్నాడు. దెయ్యం లేదని ఒక్కరు తెగేసి చెబితే చాలు, ఆ అరుగూ గంటా రాళ్ళకుప్పే.

గంప తన్నినవాళ్ళను చూసిన కళ్ళివి. అద్దాలకు పడిపోతాయా? ఆ మనిషి నన్నడిగితే ఉందన్నాను. కళ్ళారా చూశానన్నాను. పచ్చ పాదాలన్నాను. మా బావ పక్క నుంచి "చాలా చిన్నవి" అన్నాడు. వీధిలో అందరికీ అసలు సంగతి అప్పటికే నేను చెవిన వేశాను. అందరూ అదే పాట పాడారు, బేరం చెడిన టీ కొట్టువాడితో సహా.

మిగిలింది మీరే. వీధికి కొత్త, అబద్ధం చెప్పరని పేరు. మీరు పరిగెత్తడం అతని చెవిన పడింది. కాసేపట్లో మీ ఇంటికే వస్తాడు.

సంచీ తీసుకోండి. పళ్ళు నలగలేదులే.

అతనికి ఏం చూశానని చెబుతారు?