ఏడుపు బంగళాలో పాదరసం

మైపాడు దారిలో, ఇసకదిబ్బల వెనక, ఎప్పుడో ఉప్పు ఆఫీసరు వదిలేసి పోయిన బంగళా ఒకటుండేది. పొద్దుగూకితే ఆ పక్కకి ఎవరూ పోయేవాళ్లు కాదు. లోపల ఆడమనిషి ఏడుస్తుందని చెప్పేవాళ్లు... ఆ ఏడుపు విని కూడా సముద్రం మీదికి పోయిన పడవ తిరిగి రాదని చెప్పేవాళ్లు.

ఆ దెయ్యాన్ని ఏడిపించేది రాఘవమ్మేనని పక్కనున్న చేపలవాళ్ల పాలెం అంతా ఒకటే మాట. బంగళా ఊడ్చి తాళాలు చూసుకునే ముసలావిడ. వెనకా ముందూ ఎవరూ లేరు. అట్లాంటి ఆడదాని మీద ఏ మాట వేసినా అడిగేవాళ్లుండరు.

ఇది ప్రేమలీల గారు మా అమ్మకి చెప్పిన సంగతి. అరవైల మొదట్లో ఆమె నెల్లూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. అక్కడ గాలితో వేడి కొలిచే పరికరం ఒకటి కట్టుకుంది. గాజుబుడ్డిలో గాలి బిగించి మంచులో పెడితే, ఆ గాలి ఎంత బలంగా తోస్తున్నదీ పక్క గొట్టంలో పాదరసం మట్టం చెబుతుంది. ఆ మట్టాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చదవాలి. కాలేజీ ముందు లారీ పోయినప్పుడల్లా పాదరసం వణికేది, లెక్క తప్పేది.

"ఆడవాళ్ల చెయ్యి నిలకడగా ఉండదమ్మా," అన్నాడు పెద్ద లెక్చరరు పద్మనాభయ్య, అందరి ముందర.

ఆ మాట ఆమెకి మింగుడు పడలేదు. దసరా సెలవులు ఇవ్వగానే పరికరాన్ని గడ్డిలో పొదిగి, ఎద్దులబండి మీద ఆ బంగళాకి చేర్చింది. దెయ్యం ఉందన్నారు. "లారీలు లేవు కదా," అంది.

నిజంగానే అక్కడ పాదరసం అద్దంలా నిలిచింది.

ఒక మధ్యాహ్నం మాత్రం మట్టం జరగడం మొదలుపెట్టింది. బుడ్డిలో గాలి అదే. మంచు అట్లాగే ఉంది. బయటి గాలి ఒత్తిడి తెలియడానికి పక్కనే బారోమీటరు పెట్టుకుని ఉంది — దాన్ని చూస్తే, అందులో పాదరసం దిగుతోంది. కాసేపాగి చూస్తే ఇంకా దిగింది.

దీపాలు పెట్టే వేళకి వెనక గదిలోంచి మొదలైంది... సన్నగా, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు.

రాఘవమ్మ గోడకి అతుక్కుపోయింది.

"వాళ్లొస్తారు టీచరమ్మా..."

"ఎవరు?"

"పాలెమోళ్లు. నిరుడూ వచ్చి కొట్టినారు."

వచ్చినారు. చేతుల్లో కాగడాలు, తెడ్లు. ముందు పాలెం పెద్ద చిన్నపోలయ్య — నిరుడే ఒక్క కొడుకూ సముద్రంలో పోయినవాడు.

"తెల్లారితే పడవలు పోవాల. దీని నోరు మూయించి పోతాం. నువ్వు పక్కకి జరుగు టీచరమ్మా."

ప్రేమలీలకి ఒళ్లు మండిపోయింది. పక్కకి జరగలేదు. లాంతరు తీసుకుని, "నా వెనక రండి," అని వెనక గదిలోకి నడిచింది.

అక్కడ ఒక లోతు బావి. నీళ్లు ఉప్పగిల్లినాయని ఎప్పుడో బండ కప్పి సున్నం మెత్తినారు. అంచున వేలు పట్టేంత సందు. ఆమె ఆ సందు మీద అరచెయ్యి అదిమింది.

ఏడుపు ఆగింది.

చెయ్యి తీసింది. మళ్లీ —

ఎవరూ కదల్లేదు.

"గాలి," అంది. "బయట గాలి పలచబడితే బావిలో గాలి ఇట్లా తన్నుకొస్తుంది. ఇంతగా పలచబడిందంటే తుఫాను వస్తోంది. మధ్యాహ్నం నుంచి నా పాదరసమూ అదే చెబుతోంది. ఇది ఎవరినీ చంపలేదు. పోవద్దని చెప్పింది. మీరు పోయినారు. పోయినవాళ్లు రాలేదని ఈమెని కొట్టినారు."

రాఘవమ్మ మెల్లగా అంది: "నిరుడు నేనూ చెప్పినా పోలయ్యా. నీ కొడుకు పడవకి అడ్డం పడుకున్నా."

చిన్నపోలయ్య తెడ్డు దించినాడు. మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయినాడు. మర్నాడు పొద్దున ఒక్క పడవా నీళ్లలో దిగలేదు.

ఆ రాత్రే తుఫాను కొట్టింది. తాటిచెట్లు విరిగినాయి, గుడిసెలు లేచిపోయినాయి. మనుషులు మాత్రం అందరూ మిగిలినారు.

వాన వెలిసింది. సముద్రం సద్దుమణిగింది. బారోమీటరు మామూలు మట్టానికి వచ్చి నిలిచిపోయింది. ఆ మునిమాపు ప్రేమలీల మళ్లీ పరికరం ముందు కూర్చుంది. పాదరసం కదలడం లేదు. బయట గాలి స్థిరంగా ఉంది, బావి గాలి వదలాల్సిన పని లేదు.

అప్పుడు వెనక గదిలోంచి... ఏడుపు.

బారోమీటరు చూసింది. మట్టం అక్కడే ఉంది.

ఏడుపు ఆగలేదు.

"అప్పుడు భయమేసింది," అని చెప్పిందట మా అమ్మతో. లాంతరు పట్టుకుని తలుపు తోసింది.

బండ మీద నుదురు ఆనించి చిన్నపోలయ్య.

తల ఎత్తకుండానే అన్నాడు: "రాఘవమ్మని ఇసకలో పక్కకి ఈడ్చేసి... ఆ పడవని నా చేతుల్తోనే తోసినా టీచరమ్మా."

ఆమెకి కోపం తగ్గలేదు. అట్లాగే నిలబడి ఉంటే వెనక నుంచి రాఘవమ్మ వచ్చి తలుపు దగ్గరికి లాగింది.

"ఏడవనియ్యి. ఈ గదిలో మనిషి ఏడవడం ఇదే మొదలు."