వెలుగు పడితే ఏడ్చే గది

బాపట్లలో ఓ కాలేజీ ఉంది, పేరెందుకులెండి. దాని ఫిజిక్సు ల్యాబు వెనక చీకటి గది వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. రాత్రిళ్లు లోపల ఎవరో ఏడుస్తారని చెప్పుకుంటారు.

వాచ్‌మన్ శాలేమురాజుకి మాత్రం తప్పలేదు. ఆ గదిలో రేపల్లె అమ్మాయి సుజన తయారుచేసిన గాజుపలక ఉంది. పల్చటి పూతలు వేసే స్పటరింగ్ మిషన్లో దానిమీద కంటికి ఆనని జింకు ఆక్సైడు పొర దింపింది. చిమ్మచీకట్లో ఆ పొర కరెంటుని ఎంత అడ్డుకుంటుందో తెల్లారేదాకా మీటరు కొలవాలి. పాపం, మొదటి రెండు రాత్రులూ రీడింగులు చెడిపోయాయి. మూడోసారీ చెడితే పీహెచ్‌డీ మాట మర్చిపొమ్మన్నారు గైడు.

శాలేమురాజు అప్పుడు నోరు విప్పాడు. కాపలా కదా అని రాత్రి టార్చి వేసి చూస్తే దెయ్యం కుయ్యోమని ఏడ్చిందనీ, పారిపోతుందని ఇంకా దగ్గరగా వేస్తే ఇంకా గట్టిగా ఏడ్చిందనీ, పిల్ల జడుసుకుంటుందని ఈ రెండ్రోజులూ దాచాననీ చెప్పాడు.

సుజన తల పట్టుకుంది. వెలుగు పడితే ఆ పొర కరెంటుని పోనిస్తుందట. పోనిస్తే మోగేలా పెట్టె తనే బిగించిందట.

"ఆ దెయ్యం నీ టార్చే బాబాయ్."

మూడో రాత్రి శాలేమురాజు టార్చి ఇంట్లో పడేసి వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతూ గది ముందు చీకట్లో కూర్చున్నాడు. ఇంకా పట్టుమని గంట కాలేదు...

కుయ్—

టార్చి ఇంట్లో ఉంది కదా... మరి ఎవరు? ప్రభువుని తలుచుకుంటూ తలుపు తోశాడు. లోపల తెల్లటి వెలుగులో ఓ ఆడమొహం...

ఇద్దరూ ఒకేసారి కేకేశారు.

"నువ్వు టార్చి తెచ్చావేమోనని... వెనక తలుపులోంచి చూద్దామని..." అంది సుజన. చేతిలో ఫోను వెలుగుతున్న సంగతి ఆ పిల్లకే తెలీదు.

ఫోను లాక్కుని ఆర్పేసి జేబులో వేసుకున్నాడు. ఆ పొర వెలుగుని ఓ పట్టాన మర్చిపోదు, పెట్టె చాలాసేపు మూలిగి మూలిగి ఆగింది. రీడింగులు మళ్లీ మొదట్నుంచి. రెండు తలుపులకీ తాళాలేసి, ఇద్దరూ బయట మెట్ల మీద ఒకరినొకరు కాపలా కాసుకున్నారు.

ఎప్పుడు నిద్రపట్టిందో ఏమో...

కుయ్—

సుజన అతని చెయ్యి పట్టేసుకుంది. ఫోను జేబులోనే ఉంది. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. "అయిపోయింది బాబాయ్," అని ఏడ్చేసింది.

శాలేమురాజు తలెత్తి గది వెంటిలేటర్ వైపు చూశాడు. దానికి అంటించిన నల్లకాగితం ఓ మూల ఊడి వేలాడుతోంది.

"ఏడవకమ్మా," అన్నాడు మెల్లగా. "తెల్లారింది."