అవసరమాని

ఏడున్నర బస్సు వచ్చేలోపు ఏసురత్నం కాళ్లు ఇంకాస్త ఉబ్బాయి. సువార్తమ్మ బస్టాండు అరుగు మీద కూర్చుని, భర్త పాదాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడింది, పూడలేదు. అతను మాత్రం పాదం వైపు చూడలేదు. మణికట్టుకున్న అవసరమానిని చూసుకుంటున్నాడు.

"తొంభై రెండు," అన్నాడు. "ఊళ్లో ఇంకెవురికీ ఇంత లేదు."

"మురిసిపో. అది నీ రోగం లెక్క."

అవసరమాని రూపాయి బిళ్లంత ఉంటుంది. రాష్ట్రంలో ప్రతి మనిషి చేతికీ ఉంది. మనిషి ఎక్కడికి బయల్దేరాడో, ఆ ప్రయాణం లేకపోతే అతనికెంత కష్టమో, నాడిని బట్టి, ఒంట్లో అలసటను బట్టి లెక్కగడుతుంది. పూర్వం ఎక్కడ రైలు వెయ్యాలన్నా నాయకులు కొట్టుకునేవాళ్లు. ఆ తగువు తీర్చడానికి పెట్టిన యంత్రమిది. ఒక ఊరి జనం అవసరాలన్నీ కలిపి ఒక గీత దాటితే ప్రభుత్వమే ఖజానాలోంచి లైను వేస్తుంది. దాటకపోతే ఆ దారి ప్రైవేటు రైలు కంపెనీకి పోతుంది. కంపెనీ తన డబ్బు పెట్టుకుని, గిట్టుబాటైన చోటే బండి ఆపుకుంటుంది.

తమ ఊరు ఆ గీత దాటాలని ఎర్రబోడు జనం మొదట్లో ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని ఊరికే ఒంగోలు పోయి వచ్చారు. మాని ఆ ప్రయాణాలను లెక్కలోకే తీసుకోలేదు. పని లేకుండా తిరిగే మనిషి నాడి దానికి తెలుసు. అప్పుడు రైలు సాధన సంఘం అధ్యక్షుడు చెంచురామయ్య సభ పెట్టి, అన్నీ ఊళ్లోనే దొరుకుతుంటే అవసరం ఎక్కణ్ణించి పుడుతుందని అడిగాడు. ఆ మాట అందరికీ నచ్చింది. కాలేజీ వేరే ఊరికి తరలిపోతుంటే ఎవరూ అడ్డుపడలేదు. ఆసుపత్రిలో డయాలసిస్ చేసే రెండు యంత్రాలూ మాకు అక్కర్లేదని ఊరే చెప్పి పంపించేసింది. రైలొచ్చాక అన్నీ వెనక్కి తెచ్చుకోవచ్చనుకున్నారు. ఆ సభలో సువార్తమ్మ కూడా చెయ్యెత్తింది. అప్పటికి ఏసురత్నం కిడ్నీలు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు వారానికి మూడుసార్లు ఒంగోలు పోవాలి. వచ్చిన రోజు పడుకోవడం, లేచిన రోజు మళ్లీ పోవడం. ఆమెకు నిద్రలో కూడా బస్సు కుదుపు తెలుస్తూనే ఉంటుంది.

చెంచురామయ్య టీ గ్లాసు పట్టుకుని తనే వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి అరుగు మీద పరిచాడు.

"రత్నంగారూ, దీని మీద కూచోండి. రాయి చల్లగా ఉంది. ఒక్క గుక్కే తాగండి, మీకు నీళ్లు ఎక్కువ కూడదు గదా."

ఏసురత్నం చెంచురామయ్య ఇంటి బావిలో పూడిక తీసే రోజుల్లో ఇదే నోరు అతన్ని ఒరే రత్నంగా అని పిలిచేది. సువార్తమ్మ అది గుర్తు చేసుకోదలచుకోలేదు గాని, గుర్తొచ్చింది.

బస్టాండుకు ఎదురుగా కంపెనీ వాళ్ల తెల్ల బండి ఆగి ఉంది. లోపల మంచం, డయాలసిస్ యంత్రం, చల్లటి గాలి. అంతా ఉచితం. ఊళ్లోనే వైద్యం దొరికితే ఊరి అవసరం తగ్గుతుంది, గీత అందదు, దారి కంపెనీకి దక్కుతుంది. ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే నెలల తరబడి ఆ బండి మెట్టు ఎవరూ ఎక్కలేదు.

ఆమె చూపు ఎటు పోయిందో చెంచురామయ్య కనిపెట్టాడు.

"నెలాఖరుదాకా ఓర్చుకోమ్మా. లెక్క ముగించేస్తారు. గీతకి వెంట్రుకవాసిలో ఉన్నాం."

"ఈయనకి నెలాఖరుదాకా ఊపిరుండాల గదయ్యా."

"కంపెనీ రైలు మనూళ్లో ఆగుద్దనుకుంటన్నావా? మన పొలాల్లోంచే పోద్ది, మనకి దుమ్ము కొట్టి పోద్ది. టిక్కెట్టు పొద్దున ఒక రేటు, మాపున ఒక రేటు. సర్కారు రైలయితే నీ మనవళ్లు కూడా ఎక్కుతారు."

అందులో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

డ్రైవరు లేని బస్సు వచ్చి ఆగింది. రెండు నిమిషాల్లో బయలుదేరుతుందని దానంతటదే చెప్పింది. ఏసురత్నం లేచాడు, రెండడుగులు వేశాడు, స్తంభం పట్టుకుని కిందికి జారిపోయాడు. ఊపిరి ఈలలాగా వస్తోంది.

నలుగురు పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకున్నారు.

"అటు గాదు," అంది సువార్తమ్మ. "ఆ బండికాడికి."

నలుగురి చేతులూ వదులయ్యాయి. ఎవరూ ఆమె మొహం చూడలేదు.

తెల్ల బండి తలుపు దగ్గర ఉన్న నర్సు ఫర్జానా మెట్లు దిగి వచ్చింది. "అమ్మా, దాచేదేం లేదు. మా కంపెనీ పుణ్యానికి పెట్టలేదు ఇది. మీ ఊరు గీత దాటకూడదనే పెట్టింది. కాని యంత్రం మాత్రం రక్తాన్ని నిజంగానే కడుగుద్ది."

"నేను రాను," అన్నాడు ఏసురత్నం. "బస్సెక్కించండి నన్ను."

సువార్తమ్మ అతని పక్కన చతికిలబడింది. "ఎక్కు. నేను మాత్రం ఎక్కను. ఇవాళ నువ్వొక్కడివే పో."

"అట్టా మాట్టాడబాకు."

"నాకు ఓపిక అయిపోయిందయ్యా. బస్సులో నీ తల పట్టుకుని కూచోలేను, దోవలో నువ్వేమవుతావోనని."

అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. మిగతావాళ్లకు వినపడకుండా మాట్లాడాడు.

"నా వయసులో సగం ఈ ఊరోళ్ల బావుల్లోనే పోయింది. పైన తాడు లాగేటప్పుడు తప్ప నన్ను పేరెట్టి పిలిచినోడు లేడు. ఇప్పుడు చూడు, తువ్వాలేసి కూచోబెడతన్నారు. రైలొస్తే రత్నం మూలానే వచ్చిందంటారు."

"నువ్వు పోయినాక అంటారు."

"అననీ."

"మరి నేను? ఆ రైలెక్కి యాడికి పోవాల నేను?"

బస్సు తలుపులు మూసుకుని తన వేళకు తను వెళ్లిపోయింది. ఆమె అతని చంకల కింద చేతులు వేసి లేపింది. అటువైపు ఫర్జానా పట్టుకుంది. అతను ఎదురు తిరగలేదు, సాయమూ పట్టలేదు.

నాలుగు గంటలు మంచం కదలలేదు. కుదుపు లేదు, హారన్ల మోత లేదు. సువార్తమ్మ స్టూలు మీదే గోడకు జారగిలబడి నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి అతని మొహంలో వాపు తీసింది, ఊపిరి మామూలుగా ఆడుతోంది. కిటికీలోంచి చూస్తే చెంచురామయ్య ఇంకా అరుగు మీదే ఉన్నాడు. కోపంగా కూడా లేడు. అలిసిపోయిన మనిషిలాగా కూర్చుని ఉన్నాడు. కాసేపటికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇటు చూడకుండా వెళ్లిపోయాడు.

"ఎల్లుండి పొద్దున్నే వచ్చెయ్యండి అంకుల్," అంది ఫర్జానా సూది తీస్తూ.

ఏసురత్నం మణికట్టు తిప్పి చూసుకున్నాడు. గుమ్మం ముందు దొరికిన వైద్యానికి ప్రయాణం అక్కర్లేదు గనక మాని తన పని తను చేసింది.

"సున్నా," అన్నాడు.

"మంచిదేగదా అంకుల్."

"ఆఁ. మంచిదే."

సువార్తమ్మ వంగి అతనికి చెప్పులు తొడిగింది. చాలా రోజుల తర్వాత పాదం చెప్పులో పట్టింది.

"లెయ్, ఇంటికి పోదాం. జావ కాస్తాను."

మెట్లు దిగాక అతను పెద్దవీధి వైపు చూశాడు. టీ బంకు దగ్గర నలుగురున్నారు. ఎవరూ పిలవలేదు.

"వెనక సందులోంచి పోదాం," అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అడుగులు పొద్దుటికంటే తేలిగ్గా పడుతున్నాయి. సందు మలుపు తిరిగేదాకా అతను తల ఎత్తలేదు.