మధ్యలో లేవాల్సినవాళ్ళు

పొద్దున ఎనిమిదింటికే తిరుత్తణి ఎండ చురుక్కుమంటోంది. ఆడికృత్తిక పండుగ దగ్గర పడడంతో, కావడి మోసుకుంటూ కొండకు పోయేవాళ్ళ కేకలు వీధిలో ఆగకుండా వినిపిస్తున్నాయి. శశికుమార్ ఇడ్లీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఫోను చూస్తూ కూర్చున్నాడు. పక్క గదిలో అతని భార్య కోకిల మామగారికి రాగిజావ తాగిస్తోంది.

శశికుమార్, అతని స్నేహితుడు పార్థిబన్ ఏళ్ళ తరబడి కష్టపడి తయారు చేసిన వీడియోగేమ్ ఈమధ్యే విడుదలైంది. పేరు 'సురంగం'. తుపాకీ పట్టుకున్న ఒక సైనికుడు పాడుబడ్డ గనిలోకి దిగుతాడు. ఎదురొచ్చే రాక్షసులను కాల్చుకుంటూ అట్టడుగుదాకా చేరాలి. దారిలో చస్తే సంపాదించిన ఆయుధాలన్నీ పోతాయి. మళ్ళీ పైనుంచే మొదలు. ఈసారి దారులు కూడా మారిపోయి ఉంటాయి. గెలవాలంటే గంటకు పైగా కదలకుండా ఆడాలి. ఆటను ఆపి లేచే వీలు లేదు. లేస్తే సైనికుడు చచ్చినట్టే. "భయం లేకపోతే ఆటలో రుచేముంటుంది?" అని శశికుమారే పట్టుబట్టి అలా పెట్టించాడు.

ఆడినవాళ్ళు రాసే అభిప్రాయాలు చదవడంతోనే ఇప్పుడు అతనికి తెల్లవారుతోంది.

"ఇది విను కోకిలా! సేలంలో ఎవరో రాసినారు. 'చచ్చి చచ్చి చేయి తిరిగింది. ఇప్పుడు అన్నం కూడా వద్దనిపిస్తా ఉంది' అంట."

"ఊఁ," అంది కోకిల లోపలినుంచి.

"ఇంకొకడు చూడు, 'ఇది ఆట కాదు, దండన' అంటాడు. వానికి చేతకాలేదు పాపం." శశికుమార్ పకపకా నవ్వాడు. వేలితో మళ్ళీ పై వరుసకు జరిపేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

అన్నిటికంటే ఎక్కువమంది మెచ్చుకున్న అభిప్రాయం అది. నిన్న ఎక్కడో అడుగున ఉన్నది రాత్రికి రాత్రే పైకి వచ్చేసింది. అతను మెల్లగా, ఒక్కో మాటా బయటికి చదివాడు.

"'ఆట చక్కగా ఉంది. కష్టంగా ఉన్నందుకు నాకు బాధ లేదు. కానీ మధ్యలో లేవాల్సినవాళ్ళు దీన్ని కొనొద్దు. ఇంట్లో తనను పిలిచేవాళ్ళు ఎవరూ లేని మనిషి చేసిన ఆట ఇది.'"

పళ్ళెం ఠంగుమని బల్ల మీద పెట్టాడు. "ఎంత పొగరు చూడు! నా ఇంటి సంగతి వీనికేం తెలుసు? ఎవడో చేతకాని వెధవ..."

"వెధవ కాదు బావా," అంది కోకిల. చేతిలో ఖాళీ గిన్నెతో గడప దగ్గర నిలబడి ఉంది. "నేనే రాసినాను."

కోకిల శశికుమార్‌కు సొంత మేనత్త కూతురు. సెలవులకు పొన్నేరి నుంచి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఆటల్లో అతన్ని ఓడించి ఏడిపించిన పిల్ల. 'సురంగం' మొదటి అంతస్తు గీసినప్పుడు మొట్టమొదట ఆడి చూసింది ఆమే. నిరుడు మామ సుందరరాజులుకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కడంబత్తూరు దగ్గరి పొలం ఎవరికో కౌలుకిచ్చి ఆయనను ఇక్కడికి తెచ్చుకున్నారు. శశికుమార్ తల్లి పోయి చాలా కాలమైంది. కాబట్టి ఆయన నీళ్ళు, మందులు, స్నానం అన్నీ కోకిల చేతి మీదే.

"నువ్వా?" శశికుమార్ ఫోను బల్ల మీద పెట్టి ఆమెవైపు తిరిగాడు. "ఇంట్లో ఉండేదానివి, నాతో చెప్పొచ్చు గదా? ఊరంతా చదివే చోట రాస్తావా?"

"చెప్పినా బావా. ఎన్నోసార్లు చెప్పినా. నువ్వు చెవులకు తగిలించుకున్న హెడ్‌సెట్ తీయనే లేదు. ఆడేవాళ్ళు ఏం రాసినా మాత్రం రెండుసార్లు చదువుకుంటావు. అందుకే వాళ్ళల్లో ఒకదాన్నయి చెప్పినా."

"పిలిచేవాళ్ళు లేని మనిషి అంటివే! నాయన ఈ ఇంట్లోనే గదా ఉండేది?"

"ఉండాడు. పిలుస్తాడు. లేచేది ఎవరు?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసే శశికుమార్‌కు ఒళ్ళు మండింది. అనకూడని మాట అనేశాడు. "నీకు ఆడను రాలేదు. మూడో అంతస్తు దాటలేకపోతివి. ఆ ఏడుపు తెచ్చి నా ఆట మీద పోస్తే ఎట్లా?"

కోకిల ముఖం వాడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా కిందికి జారనివ్వలేదు.

"అన్న కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. పొన్నేరికి పొయ్యి సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నా," అంది నిదానంగా. "రెండు దినాలు ఉండి వస్తా. మామను నువ్వు చూసుకో. నాకు ఆడను ఎందుకు రాలేదో నీకూ తెలుస్తుంది."

లోపల మంచం మీద సుందరరాజులు అంతా విన్నాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

*

కోకిల పదింటి బండికి వెళ్ళిపోయింది. శశికుమార్ పార్థిబన్‌కు ఫోన్ చేసి జరిగింది సగం చెప్పాడు.

"మాటకు మాట రాయవద్దు రా," అన్నాడు పార్థిబన్. "మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో ఆడు. దాన్ని వీడియో తీసి పెట్టు. చూసినవాళ్ళకు అర్థమవుతుంది."

ఆ ఆలోచన శశికుమార్‌కు నచ్చింది. వెంటనే ఆడడానికి కూర్చున్నాడు. సైనికుడు రెండో అంతస్తులోకి దిగాడో లేదో, "శశీ, నీళ్ళు" అని వినిపించింది. లేచి వచ్చేలోపు సైనికుడు చచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఫ్యాను తిప్పాలి. ఇంకోసారి వీపు కింద దిండు జారింది. సాయంత్రం గని సగం దాకా దిగాక, "నాయనా, కొంజెం బాత్రూముకు" అని పిలుపు. ఆయనను లేపి, నడిపించి, కూర్చోబెట్టి, మళ్ళీ పడుకోబెట్టేసరికి అతని నడుము పట్టేసింది. వెనక్కి వస్తే తెర మీద 'మరణించావు' అన్న ఎర్రటి అక్షరాలు. ఆ అక్షరాల రంగు తనే ఎంచుకున్నాడు. ఈరోజు వాటిని చూస్తే చిరాకేసింది.

మర్నాడు పొద్దున జాగ్రత్త పడ్డాడు. తండ్రికి స్నానం చేయించి, తినిపించి, మాత్రలు మింగించాడు. నీళ్ళ చెంబు చేతికి అందే చోట పెట్టాడు.

"నాయనా, నాకు ఒక ముఖ్యమైన పని ఉంది. గంటసేపు నన్ను పిలవద్దు. సరేనా?"

సుందరరాజులు కొడుకు ముఖం చూశాడు. "సరి నాయనా. నువ్వు పొయ్యి చూసుకో," అన్నాడు ముద్దముద్దగా.

ఆ రోజు శశికుమార్ ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. వెనకనుంచి దూకిన రాక్షసులను చూడకుండానే కాల్చాడు. నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు దాటిపోయాయి. అట్టడుగున కాచుకుని ఉన్న పెద్ద రాక్షసి ముందు సైనికుడి ప్రాణం రవ్వంత మిగిలింది. ఊపిరి బిగబట్టి ఆఖరి గుండు పేల్చాడు. గని కుప్పకూలింది. సైనికుడు వెలుతురులోకి వచ్చాడు.

"గెలిచినా!" అని అరుస్తూ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పడేశాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గదిలోకి తొంగి చూశాడు.

సుందరరాజులు మంచం అంచున, సగం ఒరిగిపోయి కూర్చుని ఉన్నాడు. పడిపోకుండా ఎడమచేత్తో కిటికీ కమ్మిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ చేయి మోచేతిదాకా వణుకుతోంది. పంచె తడిసిపోయింది. దుప్పటి తడిసిపోయింది. కింద నేల మీదా తడి.

కొడుకును చూసి ఆయన తల దించుకున్నాడు. "గంట అయిందా నాయనా?" అని అడిగాడు.

శశికుమార్ పరుగున వెళ్ళి తండ్రిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కమ్మి చుట్టూ బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

"ఒక్క కేక వేస్తే నేను రానా నాయనా? ఎందుకు పిలవలేదు?"

"నువ్వే గదరా పిలవద్దంటివి. ముఖ్యమైన పని ఉందంటివి. నీ పనికి అడ్డం రాకూడదని, తొందరవు చేయకూడదని ఓర్చుకున్నా. కానీ ఆగలేదు..." పెద్దాయన తడి పంచె వైపు చూశాడు. "బట్ట చెడిపోయింది. ఏమనుకోవద్దు నాయనా."

శశికుమార్ నీళ్ళు కాచి తెచ్చి తండ్రి ఒళ్ళు తుడిచాడు. పంచె మార్చాడు. దుప్పటి తీసి కొత్తది పరిచాడు. చిన్నప్పుడు తనను భుజం మీద ఎక్కించుకుని కొండ మెట్లన్నీ ఎక్కిన మనిషి ఇప్పుడు తన చేతుల్లో బరువే లేనట్టు ఉన్నాడు. నేల తుడుస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు ఆ నేల మీదే పడ్డాయి.

"కోకిల ఉన్నప్పుడు ఇట్లా ఎప్పుడన్నా అయిందా నాయనా?"

"ఎందుకవుతుంది?" అన్నాడు సుందరరాజులు. "ఆ పిల్లను పిలవాల్సిన పనే లేదు. నేను పక్కకు తిరిగితే మంచం కిర్రుమంటుంది గదా, అది విని వచ్చేస్తుంది. చేతిలో ఏ పని ఉన్నా సరే, వదిలేసి వస్తుంది. అప్పుడప్పుడు నీ ఆట ఆడుకుంటా ఉంటుంది. నన్ను పడుకోబెట్టి తిరిగి పొయ్యి చూస్తే ఆ సైనికుడు చచ్చిపోయి ఉంటాడంట. 'పోనీలే మామా, మళ్ళీ ఆడతా' అని నవ్వుతుంది. నాకే మనసు కష్టంగా ఉంటుంది."

మూడో అంతస్తు ఆమె ఎందుకు దాటలేదో శశికుమార్‌కు అప్పుడు తెలిసింది. తండ్రి నిద్రపోయాక కంప్యూటర్ ముందుకు వెళ్ళాడు. తను గెలిచిన వీడియో అక్కడ సిద్ధంగా ఉంది. చూడకుండానే చెరిపేశాడు. తర్వాత కోకిలకు ఫోన్ చేశాడు.

"మామ తిన్నాడా?" అంది ఆమె, పలకరింపు కూడా లేకుండా.

"తిన్నాడు... గంటసేపు పిలవద్దని చెప్పినా కోకిలా, నాయనతో. ఆట ఆడుకునేదానికి. ఆయన పిలవలేదు. బట్ట తడుపుకుని, కిటికీ కమ్మి పట్టుకుని అట్లే కూర్చున్నాడు."

"ఇప్పుడెట్లున్నాడు?" అంది కోకిల.

"ఒళ్ళు తుడిచి పడుకోబెట్టినా. నిద్రపోతున్నాడు."

"నీ ఆట ఏమైంది?"

"గెలిచినా," అన్నాడు శశికుమార్. అని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కోకిల అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత, "రేపు పొద్దున బండికి వచ్చేస్తా బావా," అంది మెత్తగా.

"వద్దు. అత్త దగ్గర ఇంకో నాలుగు దినాలు ఉండి రా. నువ్వు అక్కడ ఉండి ఎన్నాళ్ళయిందో. నాయనను నేను చూసుకుంటా. నిన్న నేనన్న మాట తప్పు కోకిలా. నువ్వు రాసిందాంట్లో కూడా ఒక తప్పుంది. పిలిచేవాళ్ళు నాకు ఉండారు. నేనే వినలేదు."

*

"వేండాం డా శశీ, వద్దు!" అన్నాడు పార్థిబన్, ఆటలో చేయబోయే మార్పు గురించి వినగానే. "కష్టంగా ఉందనే గదా అందరూ పొగుడుతున్నారు? ఇప్పుడు మెత్తగా చేస్తే నవ్వుతారు."

"ఒక్క రాక్షసిని కూడా తగ్గించను. ఒక్క గుండు ఎక్కువ ఇయ్యను. కానీ ఆడేవాడు మధ్యలో లేచిపోతే, తిరిగొచ్చేదాకా ఆట వాని కోసం ఆగాల. వదిలిన చోటే సైనికుడు నిలబడి ఉండాల. అంతే." ఆ తర్వాత కిటికీ కమ్మి సంగతి మొత్తం చెప్పాడు. ఈసారి సగం దాచలేదు.

"రేపే మొదలుపెడదాం రా," అన్నాడు పార్థిబన్.

ఆ మార్పు బయటికి వచ్చాక రాతలు రెండు రకాలుగా వచ్చాయి. 'పిరికివాళ్ళ కోసం మంచి ఆటను పాడు చేశారు' అని కొందరు తిట్టారు. శశికుమార్ వాళ్ళకు జవాబు రాయలేదు. నెలల బిడ్డ ఉన్న ఒక తల్లి రాసింది మాత్రం కోకిలకు చదివి వినిపించాడు. 'పాప ఏడిస్తే లేచి వెళ్ళాను. నిద్రపుచ్చి వచ్చి చూస్తే నా సైనికుడు ఇంకా నాకోసం నిలబడే ఉన్నాడు. ఎందుకో ఏడుపొచ్చింది.'

"నువ్వు రాసింది ఇంకా మార్చలేదే?" అని అడిగాడు.

"ఆడి చూడకుండా ఎట్లా మారుస్తా బావా?" అని కోకిల నవ్వింది.

ఆదివారం పొద్దున ఇంటి పనులన్నీ తెమిలాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. శశికుమార్ పక్కనే ఉల్లిపాయలు ఒలుస్తూ చూస్తున్నాడు. మూడో అంతస్తు దాటింది. నాలుగోది దాటింది. తను కూడా భయపడే మలుపుల్లో ఆమె వేళ్ళు తొణక్కుండా కదులుతుంటే అతను ఉల్లిపాయ చేతిలోనే మరిచిపోయాడు. ఐదో అంతస్తు దాటి, అట్టడుగున పెద్ద రాక్షసి తలెత్తినప్పుడు పక్క గదిలో మంచం కిర్రుమంది.

కోకిల వేలు ఆట ఆపే మీట వైపు వెళ్ళింది.

"ఆపొద్దు," అన్నాడు శశికుమార్, అప్పటికే లేచి నిలబడి. "నువ్వు ఆడు. నేను పోతా."

తండ్రిని లేపి, నడిపించి, తిరిగి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, వీపుకు దిండు సర్దుతుండగా ముందుగదిలోంచి "అయ్యో! పోయింది!" అని పెద్ద కేక, ఆ వెంటనే నవ్వు వినిపించాయి.

"గెలిచినావా అమ్మా?" అని సుందరరాజులు లోపలినుంచే అడిగాడు.

"లేదు మామా, చచ్చిపోయినా! ఆ రాక్షసి మరీ మొండిది. బావా, దాన్ని మాత్రం తగ్గించొద్దు, చెప్తున్నా!"

పెద్దాయన బోసినోటితో నవ్వాడు. ఎడమచేత్తో కొడుకు చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మళ్ళీ ఆడమ్మా," అన్నాడు కేకేసి. "నాకు వీడున్నాడు."