ఐదు మీటర్ల దగ్గర ఆగాలి

"పెట్టె మాయమైంది," అంది తిర్సా, మేకమాంసం పులుసులో ఫుంచి అనే మొక్కజొన్న సంకటి ముద్ద ముంచుతూ.

కరీబియన్ సముద్రంలోని బొనేర్ దీవిలో ఆవిడ అందరికీ తాంతా, అంటే అత్తయ్య. రేవు పక్కన హోటల్ నడుపుకుంటుందనే జనం అనుకుంటారు. గూఢచారి శాఖకు అధిపతి అని ఎదురుగా కూర్చున్న ఎల్ద్రిక్ లాంటి కొద్దిమంది ఏజెంట్లకే తెలుసు. అతను ప్లేటు ముట్టుకోలేదు. కుదురుగా కూర్చోవడం ఆ మనిషికి పుట్టుకతోనే రాదు. బల్ల కింద మోకాలు ఆడుతూనే ఉంది.

"ఏ పెట్టె?"

"సముద్రం అడుగున మన కేబుల్‌కి ఎవరో ఒక పెట్టె తగిలించారు. మన ఫోన్లన్నీ అందులో రికార్డయ్యాయి. నిన్న మన డైవర్ కనిపెట్టాడు. ఇవాళ తియ్యడానికి వెళ్తే లేదు."

"ఫోన్లంటే... మిలూష్కావి కూడానా?"

"నాతో మాట్లాడినవన్నీ ఉన్నాయి."

మిలూష్కా ఎల్ద్రిక్ చెల్లెలు. ఎదుటి తీరంలో ఒక ఆయుధాల ముఠా నడిపే ఆస్పత్రిలో నర్సుగా చేరి, రెండేళ్లుగా కబుర్లు పంపుతోంది. ఆ గొంతు ముఠావాళ్ల చెవిన పడితే ఆ పిల్లని బతకనివ్వరు. ఎల్ద్రిక్ లేచి నిలబడ్డాడు.

"విమానాశ్రయంలో, రేవులో మనవాళ్లున్నారు," అంది తిర్సా. "కాబట్టి పెట్టె డైవింగ్ బోటులోనే దాటుతుంది. అందాకా కేబుల్ దగ్గర పగడాల్లోనే ఎక్కడో దాచి ఉంటారు, దిగి వెతుకు. దక్షిణపు మలుపులో కోస్ట్ గార్డ్ కాచుకుని ఉంటారు. గాలి ఊది నీళ్లలోంచి నారింజ రంగు గుర్తు గొట్టం లేపావంటే వచ్చేస్తారు. కానీ ఆ దొంగల ఇంజన్ ముందు మన కోస్ట్ గార్డ్‌ది ముసలిది. బోటు కదిలాక మనకి నురగే మిగులుతుంది."

"నేనొక్కడినేనా?"

"హెడ్డాఫీసు ఇలోంకా అనే అమ్మాయిని పంపింది. పదేళ్లు ఇక్కడే డైవింగ్ నేర్పిందట. జనం కళ్లకి మీరిద్దరూ కొత్తగా పెళ్లయిన జంట. తినరా బాబూ, చల్లారిపోతోంది."

తినలేదు. అప్పటికే గుమ్మం దాటాడు.

ఇలోంకా బయట ట్రక్కుకి చేరగిలబడి ఉంది. ఒంటికతుక్కున్న నల్ల రబ్బరు సూటు, పెదాలకి ఎర్రరంగు. చేపలకి చూపించడానికి కాబోలు.

"ఈ ఏడు ఫ్లెమింగోలు తగ్గాయి," అన్నాడు ఎల్ద్రిక్.

"ఎదుటి తీరానికి భోజనానికెళ్లాయి," అంది. సంకేతం సరిపోయింది. "పదండి మొగుడు గారూ. ట్రక్కు నేను నడుపుతా. మీ కాలు బ్రేకు మీద నాట్యమాడేలా ఉంది."

ఉప్పు మడులు దాటాక, దారి పక్కన పసుపు రాయి దగ్గర ఆపింది. ఇక్కడ దిగొచ్చని డైవర్లకి అదే గుర్తు. అప్పటికే వచ్చినవాళ్ల ట్రక్కులు అద్దాలు దించి, తలుపులు తెరిచి ఉన్నాయి. ఇద్దరూ సిలిండర్లు తగిలించుకున్నారు. ఇలోంకా అద్దాలు ఎక్కించింది, తాళం వేసింది, తాళంచెవి సూటులో దోపుకుంది.

ఎల్ద్రిక్‌కి మనసులో ఏదో గుచ్చుకుంది. ఏమిటో తేలేలోగా ఆమె నడుంలోతు నీళ్లలో ఉంది.

"వస్తారా, గట్టున కూర్చుని కాపురం చేస్తారా?" అని అరిచింది. అతనూ దిగాడు.

పగడాల గోడ వెంట కిందికి, ఇంకా కిందికి. ముప్పై అయిదు మీటర్ల దగ్గర ఆగి, ఇలోంకా టార్చితో తాపీగా చేపల్ని చూడసాగింది. ఎల్ద్రిక్ అటూ ఇటూ ఈదాడు. పెట్టె లేదు. ఈవిడకి వెతకాలన్న ఆత్రమూ లేదు.

అప్పుడు తట్టింది. ఈ దీవిలో డైవ్‌కి దిగేవాళ్లు ట్రక్కుకి తాళం వెయ్యరు. వేస్తే లోపలేదో ఉందని దొంగ అద్దం పగలగొడతాడు. అందుకే విలువైనవేవీ తెచ్చుకోరు, తలుపులు వదిలేసి పోతారు. పదేళ్లున్న మనిషికి ఆ సంగతి తెలియదా? తెలిసీ వేసిందంటే, వదల్లేనిదేదో లోపలుంది. ఓరి నా మట్టిబుర్రా! తను ఎక్కి వచ్చిన ట్రక్కులోనే ఉంది పెట్టె! తనని ఇక్కడ ఆపి ఉంచడమే ఈవిడ పని, రెండో తాళంచెవి ఇంకెవడి దగ్గరో ఉంది.

తలెత్తాడు. చాలా పైన ఒక బోటు వచ్చి ఆగుతోంది.

పైకి తిరిగీ తిరగ్గానే ఇలోంకా అతని నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ లాగేసి, మాస్కు పక్కకి పీకింది. ఉప్పునీళ్లు కళ్లని మండించాయి. తడుముకుని గాలి అందుకుని, మాస్కులో నీళ్లు ఊదేసుకునేసరికి ఆమె ఎక్కడా ఆగకుండా పైకి పోతోంది.

ఎల్ద్రిక్ వెంబడించాడు. అయిదు మీటర్ల దగ్గర చేతి కంప్యూటర్ కీచుమంది. ఆగు. అంత లోతు నుంచి వచ్చినవాడు అక్కడ ఆగకపోతే రక్తంలో బుడగలు లేస్తాయి. కాళ్లు పడిపోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

బోటు సరిగ్గా నెత్తిమీదే ఉంది. ఒడ్డు నుంచి ఎవడో ఒక సిలిండర్‌ని కావలించుకుని ఈదుకొస్తున్నాడు. అది తేలుతోంది. లోపల గుల్ల చేసి పెట్టెని దాచారన్నమాట. ఇలోంకా కాళ్లు నిచ్చెన ఎక్కాయి.

ఆగాలి. ఎల్ద్రిక్‌కి ఈ లోకంలో చేతకానిది అదొక్కటే. బోటు తాడు పట్టుకుని గిలగిల్లాడాడు. మిలూష్కా, మిలూష్కా అని లోపల ఒకటే గోల. పైకి దూకితే? చచ్చుపడిన కాళ్లతో బోటు వెళ్లిపోవడం చూడాలి. ఆగితే? నిక్షేపంలాంటి కాళ్లతో అదే చూడాలి.

సిలిండర్ బోటులోకి చేరింది.

ఎల్ద్రిక్ ప్రొపెల్లర్ కిందికి ఈదాడు. నడుముకున్న నారింజ గొట్టంలోకి గాలి ఊది వదిలాడు. గొట్టం దూసుకుపోయి బోటు వెనకాలే తేలింది. దాని సన్నని నైలాన్ తాడు రెక్కలకి రాసుకుంటూ వేలాడింది. చుట్టలో మిగిలిన తాడంతా వదులు చేశాడు.

పైన కేకలు. ఇంజన్ గర్జించింది. రెక్కలు తాడుని మింగాయి. చేతిలోని చుట్ట పిచ్చిగా తిరిగింది, అతన్ని కూడా పైకి లాగబోయింది. ఆఖరి క్షణంలో వదిలేశాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దక్షిణం వైపు నుంచి కోస్ట్ గార్డ్ ముసలి ఇంజన్ చప్పుడు వినవచ్చేసరికి కంప్యూటర్ అతనికి పైకి వెళ్లడానికి అనుమతిచ్చింది.

సాయంత్రానికి పెట్టె తిర్సా బల్ల మీద ఉంది. ఆగకుండా పైకొచ్చిన ఇలోంకా కాళ్లు తిమ్మిరెక్కి, ఆస్పత్రిలో రక్తంలోని బుడగలు కరిగించే ఒత్తిడి గదిలో పడి ఉంది. అధికారులు అద్దంలోంచి ప్రశ్నలు వేస్తున్నారు.

"చెరిపేసే ముందు ఒకటి విను," అని తిర్సా మీట నొక్కింది.

"తాంతా," అంది మిలూష్కా. రెండేళ్ల తర్వాత వింటున్న గొంతు, కాస్త బొంగురుగా. "నాకు జ్వరమని మా అన్నకి చెప్పకు. వాడి సంగతి తెలుసుగా, ఈదుకుంటూ వచ్చేస్తాడు."

ఎల్ద్రిక్ నవ్వబోయి ఏడ్చేశాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"జ్వరం తగ్గిందిలే," అంది తిర్సా.

"తాంతా, ఎదుటి తీరం ఎంత దూరముంటుంది?"

"నీకు మాత్రం చెప్పను," అంటూ ఆవిడ రికార్డింగు చెరిపేసింది.