పెద్దకడుబూరు క్రాస్ దగ్గర తెగే లింకు

సాయంత్రం నాలుగులోగా చేయవలసినవి: ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి అంబులెన్సును ఒకసారి తేవాలి. షాకిర్ దాన్ని నడపకూడదు. లింకు తెగే చోట దిగి చూడాలి. షాకిర్ ఉద్యోగం నిలబెట్టాలి.

ప్రైవేట్ డిటెక్టివ్ తబస్సుమ్ చెబుతుంటే సహాయకుడు వీరేష్ రాసుకున్నాడు. చివరిదాన్నీ మామూలు పనిలాగే రాయించడం ఆమెకే చెల్లిందనుకున్నాడు. ఎదురుగా అంబులెన్సు డ్రైవర్ షాకిర్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

కొత్త రోడ్డు పొడవునా స్తంభాలున్నాయి. ఒక్కోదానికి రెండు రేడియో డబ్బాలు, ఒకటి ఆదోని వైపు, ఒకటి ఎమ్మిగనూరు వైపు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిని ఒక స్తంభం వదిలేలోపు ముందున్న స్తంభం, బండికి ఎదురుగా చూసే డబ్బాతో, అందుకుంటుంది. రోగి గుండె గీతలు ఆదోని డాక్టరుకు ఆగకుండా కనిపిస్తాయి. నెలరోజులుగా ఈ రేడియో లింకు పెద్దకడుబూరు క్రాస్ దగ్గర తెగుతోంది.

"ఎక్కువ స్పీడు పోయేది దొరక్కుండా బండిలోని రేడియో బాక్సు ఆపుతాండాడు మేడమ్," అన్నాడు అంబులెన్సుల సూపర్‌వైజర్ మద్దిలేటి. "బండి కెమెరాలో చూడండి. సరిగ్గా ఆడికొచ్చేసరికి మొహం తిప్పుతాడు. సాయంత్రం నాలుగ్గంటలకు పనిలోంచి తీసేస్తాండాం."

"తిరిగి ఎమ్మిగనూరు పోయేటప్పుడు?"

"అప్పుడు తెగదు."

"ఎందుకు మొహం తిప్పుతావు, షాకిర్?"

"ఊరికే మేడమ్." అతని చెవులు ఎర్రబడ్డాయి.

షాకిర్‌ను ఆఫీసులోనే ఉంచి, వీరేష్ బండి నడిపాడు. క్రాస్ దగ్గర లింకు తెగింది. పక్కనే కూర్చున్న తబస్సుమ్ దిగి, స్తంభాన్ని పైదాకా చూసి, ఊళ్లో విచారించి వచ్చింది.

మూడున్నరకు తబస్సుమ్ అందరినీ ఆ స్తంభం కిందికి పిలిపించింది. పెద్దకడుబూరు నుంచి హులిగెమ్మ అనే ఆమె కూడా వచ్చింది.

"బాక్సు ఆపింది షాకిర్ కాదు. అతను లేకపోయినా తెగింది. ఆదోనికి వచ్చేటప్పుడే తెగుతోందంటే లోపం బండిలో లేదు, ఎమ్మిగనూరు వైపు చూసే డబ్బా దగ్గరుంది. పైకి చూడండి."

డబ్బాను కప్పేస్తూ పెద్ద ఇనుప రేకు. దానిమీద షాకిర్ ఫోటో. 'మాదన్న ప్రాణం నిలిపిన షాకిర్ అన్నకు ఊరి దండాలు.'

"ఇనుము రేడియో తరంగాలను దాటనివ్వదు," అంది తబస్సుమ్. "ఎప్పుడు కట్టినారమ్మా?"

"నెలయింది తల్లీ. మా ఆయన గుండె ఆగిపోతాంటే ఈ నాయనే ఆస్పత్రి చేర్చినాడు. గుడ్డ కడితే గాలికి చినిగిపాయ. అందుకే రేకు కొట్టించినాం," అంది మాదన్న భార్య హులిగెమ్మ బిక్కచచ్చి.

"మరి మొహం తిప్పేది?" అడిగాడు మద్దిలేటి.

"నా ఫోటోకు నేనే ఎదురుపోవాలంటే సిగ్గు సార్. పైగా ఇది చూడండని నేనే యాట్ల సెప్పేది?"

"సిగ్గుకు ఉద్యోగం పోగొట్టుకుంటాంటివి గదప్పా," అంటూ మద్దిలేటి నవ్వి, తొలగింపు కాగితం చింపేశాడు.

రేకు దించారు. వీరేష్ మళ్లీ బండి నడిపాడు. ఈసారి లింకు తెగలేదు. షాకిర్ రోడ్డు పక్కనే కూర్చుండిపోయి, గట్టిగా ఊపిరి వదిలాడు.

ఎప్పుడైనా ఆ రోడ్డున పోతూ వెనక సైరన్ వింటే, పక్కకు జరిగి దారివ్వండి. ఆ ఒక్క క్షణం షాకిర్‌ను తలుచుకోండి.