ఆగండమ్మగారి తొందర

ఆ పొద్దున్న కూడా ఫోన్ మోగగానే తల్లే పరుగెత్తి తీసింది. ఫోన్ కూతురిది. చేసిన కాలేజీ గుమాస్తాకి కావలసిందీ కూతురే. ఆ పిల్ల రెండడుగుల దూరంలో తల దువ్వుకుంటూ నిలబడే ఉంది. అయినా వస్తుందనీ, పదింటికల్లా క్లాసులో ఉంటుందనీ సమాధానాలన్నీ తల్లే చెప్పి పెట్టేసింది. కుట్టుమిషను ముందు కూర్చున్న తండ్రి, పళ్ళ మధ్య దారం తీయకుండానే, ఇంతకీ ఉద్యోగం తల్లిదా కూతురిదా అని అడిగాడు. 

కూతురికి చిన్నప్పటినుంచీ నత్తి. మొదటి అక్షరం దగ్గర మాట ఇరుక్కుని మెడనరాలు పొంగితే చూడలేక, మిగతా మాట తల్లి అందించేది. బళ్ళో, బస్సులో, డాక్టరు దగ్గర, ఆ పిల్ల నోరు తెరిచేలోపే తల్లి చెప్పేసేది. ప్రేమే, ఎవరు కాదన్నారు? ఆ ప్రేమ ధర్మమా అని పిల్ల ఇంట్లో మాట్లాడ్డమే తగ్గించేసింది.

విచిత్రమేమిటంటే, కొత్తగా చేరిన లెక్చరర్లకి పాఠం చెప్పడం నేర్పడమే ఆ తల్లి ఉద్యోగం. చురుకైనవాళ్ళకీ, నెమ్మదివాళ్ళకీ, ముందు బెంచీకీ, వెనక బెంచీకీ క్లాసులో సమానంగా చోటు ఎలా ఇవ్వాలో నేర్పుతుంది. ముందు బెంచీతోనే పాఠం నడిపిస్తే వెనకవాళ్ళు ఫీజు దేనికి కట్టినట్టు అని నిలదీస్తుంది. ప్రశ్న వేశాక జవాబు అందించకూడదు, పక్కవాడికి మళ్ళించకూడదు, నోరు మూసుకుని ఆగాలి. వెనకనుంచి "ఆగండి, ఆగండి" అనీ అనీ, కుర్ర లెక్చరర్ల నోళ్ళలో ఆవిడ ఆగండమ్మ అయిపోయింది.

ఈసారి ఆ కుర్ర లెక్చరర్లలో కూతురూ ఉంది. ఫిజిక్సు చెబుతుంది. ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రిన్సిపాల్ ఎదుట ఆవేళ చెప్పే పాఠం నచ్చితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. సొంత కూతురికి మార్కులు వెయ్యనని తల్లి ముందే చెప్పి, ఊరికే వెనక వరసలో కూర్చుంది.

పాఠం బాగానే సాగింది. అక్కడక్కడా మాట ఇరుక్కున్నా పిల్ల బెదరలేదు. నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వాటి వేడి ఎందుకు పెరగదని అడిగింది. చేతులెత్తిన ముందు బెంచీని వదిలేసి, చివర కిటికీ పక్కన ఒదిగి కూర్చున్న అమ్మాయిని లేపింది. ఆ అమ్మాయి నిలబడింది. గది నిశ్శబ్దమైపోయింది. కూతురు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెదవులు బిగిసి ఉన్నాయి. ప్రిన్సిపాల్ కుర్చీలో కదిలాడు. తల్లికి, చిన్నప్పుడు బడి స్టేజీ మీద పద్యం మధ్యలో ఇలాగే బిగుసుకుపోయిన పిల్ల కళ్ళముందు మెదిలింది. ఇంక ఉండబట్టలేక లేచి, ఆ వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చయిపోతుందని జవాబు చెప్పేసింది.

క్లాసంతా గొల్లున నవ్వింది. కిటికీ పక్కమ్మాయి తల దించుకుని కూర్చుంది. తర్వాత ప్రిన్సిపాల్ తల్లిని పక్కకి పిలిచి, పిల్ల తెలివైందేగానీ అమ్మ అందిస్తే తప్ప పాఠం నడవకపోతే ఎలాగండీ అన్నాడు. పొద్దున్నకల్లా ఆ ఖాళీలో ఇంకొకరిని వేస్తాననీ చెప్పాడు.

సాయంత్రం కూతురు ఇంటికొచ్చి గది తలుపు వేసుకుంది. తల్లి ఆ తలుపు దగ్గరే చతికిలబడింది. అందరూ లెక్చరర్లే కావాలని ఎక్కడుంది, ల్యాబులో అయితే ఎవరితోనూ మాట్లాడే పనుండదు, నేను అడిగి చూస్తాను అంటూ బతిమాలింది. తలుపు విసురుగా తెరుచుకుంది.

"నా... నాకు మాట రాక నిలబడ్డాననుకున్నావా?"

"ఫరవాలేదే, నేనున్నాగా..."

"అమ్మా, ఆగు." పిల్ల మెడనరాలు పొంగాయి. తల్లి పెదవి కొరుక్కుంది. "ఆ అమ్మాయి... చేరినప్పటినుంచీ నోరు విప్పలేదు. ఇవాళ విప్పబోయింది. నేను ఆ... ఆగాను. నువ్వు నేర్పినట్టే ఆగాను. ఇంకాస్త ఉంటే చెప్పేది."

తండ్రి మిషను ఆపేశాడు. తల్లి, తాను ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పిన విద్యని కన్నకూతురు కళ్ళెదుట చేసి చూపిస్తుంటే పోల్చుకోలేకపోయింది. నిలబడి ఉన్నది లెక్చరరమ్మ, తనకి కనిపించింది నత్తి పిల్ల.

వెంటనే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది. తప్పు తనదేననీ, పిల్ల కావాలనే ఆగిందనీ ఏడుస్తూ చెప్పింది. ఆయన మర్యాదగానే విన్నాడు. తల్లి మనసు అర్థమైందండీ అని పెట్టేశాడు. ఇన్నేళ్ళూ కూతురి తరఫున మాట్లాడిన నోటిని, కావలసినవేళ నమ్మేవాళ్ళు లేకపోయారు. నా చేతులతో నేనే దాని నోట మన్ను కొట్టానని తల్లి బావురుమంది. ఏం చెయ్యను, ఎవరి కాళ్ళు పట్టుకోను అని తండ్రిని అడిగింది. 

కూతురు వచ్చి చెయ్యి చాపింది. ఫోన్ కావాలట. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తనంతట తాను ఎవరికీ ఫోన్ చేసి ఎరగదు.

ప్రిన్సిపాల్ నంబరు నొక్కింది. అవతల "హలో" అన్నాడు. పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. "హలో, వినిపిస్తోందా?" అని పెట్టేశాడు. తల్లి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్ళింది. కూతురు చూసిన చూపుకి ఆ చెయ్యి వెనక్కి వచ్చి తన నోరే మూసుకుంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ "హలో". తల్లికి ఆ మాట తెలుసు, ఆ అక్షరం తెలుసు, నాలుక చివరిదాకా వచ్చి ఉంది. గట్టిగా నోరు మూసుకుని, కళ్ళు ధారలు కడుతుంటే, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"న... న... నేనే సార్. పె... పెట్టెయ్యకండి. నాకు టైము పడుతుంది."

అవతల పెట్టెయ్యలేదు.

"ఇంకొక్క క్లాసు ఇవ్వండి సార్. ఆ కిటికీ పక్కమ్మాయినే మళ్ళీ అడుగుతాను. చె... చెప్పేదాకా ఆగుతాను. మీరూ ఆగండి."

ప్రిన్సిపాల్ ఏదో చెప్పాడు. తర్వాత కూతురు తలూపి, ఫోన్ పెట్టి, ఎల్లుండి అట అంది. తల్లిని కూడా రమ్మంది. వెనకే కూర్చోవాలట, నోరు మాత్రం తెరవకూడదట.

తల్లి నోటిమీద చెయ్యి ఇంకా తియ్యలేదు. తండ్రి లేచొచ్చి మెల్లిగా ఆ చెయ్యి పట్టుకుని దించాడు.

"పాఠం అయిపోయింది ఆగండమ్మా, ఇంక ఊపిరి పీల్చుకో."

ఆవిడ కూతురి భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏదో చెప్పబోతే మాట ఇరుక్కుంది. కూతురు అందించలేదు, తల నిమురుతూ వచ్చేదాకా ఆగింది.